మూసిన తలుపు వెనుక



సినిమా పాటలంటే ముఖం త్రిప్పుకొనే పెద్దలు కూడా 1953 నాటి 'దేవదాసు' పాట వినబడితే మెల్లగా పెదవి కదుపుతారు! నటించిన అక్కినేని, పాడిన ఘంటసాల ఇద్దరూ మన గుడివాడ ప్రాంతపు బిడ్డలే. బాణీలు కట్టిన సుబ్బరామన్ గారు చిత్రం విడుదల కాకముందే, 1952లో కన్నుమూశారు.

1956లో అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ 'హార్ట్‌బ్రేక్ హోటల్' పాడాడు. ఒకే ఒక్క వాక్యం వ్రాసిపెట్టి ప్రాణం తీసుకున్న మనిషిని గూర్చిన పత్రికావార్త ఆ పాటకు ప్రేరణ అంటారు. పాటను లక్షలమంది విన్నారు. బ్రతికి ఉండగా ఆ మనిషి మాట విన్నదెవరు?

మనమూ అంతే. దేవదాసు అనగానే సీసా గుర్తుకొస్తుంది. అతడు ప్రాణం విడిచింది పార్వతి అత్తవారి వాకిట అన్నది మరచిపోతాము.

చాలా ఏండ్ల క్రిందట విజయవాడలో మా ప్రక్కింటి కుర్రవాడు, పెండ్లి సంబంధం తప్పిపోయిన దిగులుతో, తలుపు వేసుకొని రాత్రంతా ఆ క్యాసెట్టే వినేవాడు. "ఆ ఏడుపు ఆపరా" అని తండ్రి కేకలు. మాకూ విసుగే. ఒకనాటి రాత్రి వాళ్ల నాయనమ్మ చాప చంకన పెట్టుకొని తలుపు తట్టింది.

"నాకూ నిద్ర పట్టడం లేదురా అబ్బాయ్. మళ్లీ మొదటినుండి పెట్టు, నేనూ వింటాను."