పిట్ట కొంచెం – కూత ఘనం

శాస్త్రాన్ని చూసి నవ్వడం అపచారమేమీ కాదు. నిజమైన శాస్త్రం ఆ నవ్వును తట్టుకొని నిలుస్తుంది. డొల్ల ప్రకటనలే దానికి జడుస్తాయి. జొనాథన్ స్విఫ్ట్ 1726లో వెలువరించిన ‘గలివర్ యాత్రలు’లో లగాడో అనే నగరంలో ఒక పరిశోధనాలయం కనబడుతుంది. అక్కడి పండితుడొకడు దోసకాయల నుండి సూర్యకిరణాలను వెలికితీయడానికి ఎనిమిదేండ్లుగా శ్రమిస్తుంటాడు. మరో ఎనిమిదేండ్లకు ఫలితం తథ్యమంటాడు. ఈలోగా దోసకాయల ధర పెరిగిందంటూ గలివర్ వద్ద చేయి చాస్తాడు.

నేటి వ్యంగ్య రచయిత అటువంటి సంస్థను కల్పించదలిస్తే, దానికి సూక్ష్మ సాంకేతిక విజ్ఞానాన్నే అప్పగించవచ్చు. అందులో చీమ కాలికి చెప్పులు కుట్టే శాఖ ఒకటి, దోమకు కళ్లజోడు అమర్చే శాఖ ఒకటి ఉంటాయి. నిరుడు తయారుచేసిన యంత్రం ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. దానిని వెదకడానికి ఈ ఏడు మరొక యంత్రాన్ని నిర్మిస్తుంటారు. కనుగొన్న వస్తువు కంటికి ఆనదు. దానిని గురించిన ప్రకటన మాత్రం గోడంత ఉంటుంది.

అయితే చిన్నదనాన్ని చూసి నవ్వేవారు పొరబడతారు. 1959 డిసెంబరు 29న రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త, పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చడానికి ప్రకృతి నియమాలేవీ అడ్డురావని ప్రసంగించాడు. అంగుళంలో 64వ వంతు ఘనంలో ఇమిడే విద్యుత్ మోటారును చేసినవారికి వేయి డాలర్ల బహుమతి ప్రకటించాడు. మరుసటి ఏడే విలియం మెక్‌లెలన్ అనే ఇంజనీరు దానిని నిర్మించి, సూక్ష్మదర్శిని కింద తిప్పి చూపి, బహుమతి అందుకొన్నాడు. 1989లో ఐ.బి.ఎం. శాస్త్రవేత్తలు 35 జీనాన్ పరమాణువులను పేర్చి తమ సంస్థ పేరు వ్రాశారు. ఇవి ఊహలు కావు. చూసి, కొలిచి నిర్ధారించిన పనులు.

ఇదే రంగంలో వంచన కూడా జరిగింది. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన హెండ్రిక్ షోన్, ఒక్క అణువంత ట్రాన్సిస్టరును సాధించానని 2001లో ప్రకటించాడు. లోకం జేజేలు పలికింది. ఆ ఫలితాలను తిరిగి రాబట్టబోయిన ఇతర పరిశోధకులు కాలాన్ని, ధనాన్ని వృథా చేసుకొన్నారు. వేర్వేరు ప్రయోగాల పేరిట ఒకే గీతచిత్రం కనబడటంతో గుట్టు బయటపడింది. 2002లో విచారణ సంఘం అతడు దత్తాంశాలను కల్పించాడని తేల్చింది. వ్యంగ్య రచయిత ఊహించిన సంస్థకూ ఈ ఉదంతానికీ ఎంత దూరం!

భారత ప్రభుత్వం 2007లో నానో మిషన్‌ను ప్రారంభించింది. ఇటువంటి పరిశోధనలకు వెచ్చించేది ప్రజల సొమ్ము. అందుచేత వాటిని గురించి ప్రశ్నించే హక్కు ప్రజలకు ఉన్నది. కొలిచింది ఎవరు? మరొకరు చేసి చూశారా? ఈ రెండు ప్రశ్నలు అడగడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం అడగవచ్చు. కూత ఎంత ఘనమైనా, ముందు పిట్ట ఉన్నదో లేదో చూడాలి.