పోలికలు చాలించండి, బీరువా తెరవండి

మెడ విరిగిందేమోనన్న అనుమానంతో గట్టి కాలర్ వేసి క్యాజువాల్టీకి తెచ్చిన మనిషికి శ్వాసగొట్టం వేయడం ఎంత కష్టమో మన ఎనస్థీషియా విభాగాలకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లకు తెలుసు. తెలిసి కూడా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ చేతికి, గొంతులోకి చూడటానికి, పాత మెకింతోష్ బ్లేడే ఇస్తున్నారు. నా కోపమంతా ఆ తెలిసి చేసే పని మీదే.

మామూలు రోగికైతే తల కింద దిండు పెట్టి, మెడ కాస్త ముందుకు వంచి, తల వెనక్కి వాల్చి, బ్లేడుతో నాలుకను ఎత్తితే స్వరపేటిక నేరుగా కంటికి ఆనుతుంది. మెడకు దెబ్బ తగిలినవాడికి ఆ వంచడమూ కుదరదు, వాల్చడమూ కుదరదు. కాలర్ ఉంటే నోరే సరిగా తెరుచుకోదు. దాని ముందుభాగం తీసి, ఒకరు రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోవాలి. అలా పట్టుకుంటే లోపల సరిగా కనిపించదు. కనపడక డాక్టర్ ఇంకా బలంగా ఎత్తుతాడు. 2009లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం దీన్ని కొలిచింది. తల పట్టుకున్నప్పుడు బ్లేడు మోపే ఒత్తిడి దాదాపు రెట్టింపైంది. మెడను కాపాడాలని పట్టుకున్న పట్టే బ్లేడు బలాన్ని పెంచుతోంది!

1943లో రాబర్ట్ మెకింతోష్ లోకానికిచ్చిన బ్లేడు గొప్పదే, కాదనను. కానీ అది చూపు సూటిగా పారే గొంతు కోసం పుట్టింది. వీడియో లారింగోస్కోప్‌లో కెమెరా బ్లేడు కొస దగ్గరే ఉంటుంది, దానికి ఆ సూటిదారి అక్కర్లేదు. 2022 కాక్రేన్ సమీక్ష 222 అధ్యయనాలను జల్లెడపట్టి, వీడియోతో విఫలమయ్యే ప్రయత్నాలు తగ్గుతాయని తేల్చింది. 2023లో అమెరికా ఎమర్జెన్సీ విభాగాల్లో, ఐసీయూల్లో జరిగిన ‘డివైస్’ ట్రయల్‌లో మొదటి ప్రయత్నంలోనే గొట్టం పడింది వీడియోతో 85.1 శాతం మందికి, మామూలు బ్లేడుతో 70.8 శాతం మందికి. వాళ్లంతా మెడ గాయాలవాళ్లు కారు, నిజమే. మెడ గాయాల సంగతే తీసుకుని 2024లో బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ, ఇతర సంఘాలు కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. వీలైనప్పుడల్లా వీడియో వాడమన్నాయి.

ఇంకేం కావాలి మీకు? ఇంకో థీసిసా?

మన పీజీ థీసిస్‌ల తీరు చూడండి. మెడ నిక్షేపంగా ఉండి, వేరే ఆపరేషన్‌కు వచ్చిన మనుషులకు కాలర్ తొడుగుతారు. రెండు గుంపులుగా విడదీసి, ఏ స్కోప్‌తో ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. నోట్లో రక్తం లేదు, కడుపులో తిండి లేదు, పక్కనే ప్రొఫెసర్. చివరికి కొన్ని సెకన్ల తేడా, ఒక పి వాల్యూ. ఆ సెకన్ల వల్ల ఎవరి కాళ్లు నిలిచాయి, ఎవరి చేతులు పడిపోయాయి? గొట్టం వేయడం వల్లే వెన్నుపాము దెబ్బతినడం అరుదు కాబట్టి అంత చిన్న గుంపులో ఆ జవాబు దొరకనే దొరకదని గైడుకు తెలుసు, ఎథిక్స్ కమిటీకి తెలుసు, ఎగ్జామినర్‌కు తెలుసు, అయినా సంతకాలు పడిపోతూనే ఉంటాయి. పీజీల మీద నాకు కోపం లేదు. డిగ్రీ కోసం చేయక తప్పదు వాళ్లకు. చేయించేవాళ్లు సిగ్గుపడాలి.

“చేయి తిరిగినవాడికి ఏ బ్లేడైనా ఒకటే” అంటారు పెద్దలు. అయ్యా, ఆ తిరిగిన చేయి అర్ధరాత్రి క్యాజువాల్టీలో ఉండదు, ఇంట్లో నిద్రపోతుంది. “రక్తం నిండితే కెమెరా గుడ్డిది” అంటారు. నిజం. అందుకే సక్షన్, గొట్టానికి దారి చూపే బూజీ, మెకింతోష్ కూడా పక్కన ఉంచుకోండి. అది వీడియో కొనకపోవడానికి సాకు కాదు. “మెలకువలో ఉంచి ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో వేయడమే మేలు” అంటారు ఇంకొందరు. మాట వినే రోగి, తీరిక, అలవాటైన చేయి ఉంటే అలాగే కానివ్వండి. తలకు దెబ్బ తగిలి, మంచం మీద పెనుగులాడుతూ, ఆక్సిజన్ పడిపోతున్నవాడి దగ్గర ఆ పాఠం చెప్పకండి.

మెడ కదులుతుందన్న భయంతో నాలుగుసార్లు పొడుస్తుంటే ఆ మనిషికి ఊపిరి అందదని ఎవరు గుర్తుచేస్తారు? దెబ్బతిన్న వెన్నుపాముకు ఆక్సిజన్ తగ్గడం, బీపీ పడిపోవడం రెండో దెబ్బ. మొదటిది రోడ్డు కొట్టింది. ఈ రెండోది మనం కొడుతున్నాం.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్రమే లెక్క చెప్పింది. ఇంత నెత్తురు పారే దేశంలో వీడియో స్కోప్ ఆపరేషన్ థియేటర్ బీరువాలో ఉంటే, క్యాజువాల్టీలో ఎవరికి ఉపయోగం? స్కోప్ పోతే జీతంలో కోస్తారన్న భయంతో తాళం వేసే సిస్టర్‌ను నేను తప్పుపట్టను. ఆ భయం పెట్టిన సూపరింటెండెంట్‌ను తప్పుపడతాను.

చదివి తల ఊపి ఊరుకుంటారా? మీ ఊరి పెద్దాసుపత్రికి ఒక ఆర్టీఐ దరఖాస్తు రాయండి. క్యాజువాల్టీలో వీడియో లారింగోస్కోప్ ఉందా? రాత్రి రెండింటికి దాని బ్యాటరీలో ఛార్జింగ్ ఉంటుందా? బీరువా తాళం ఎవరి దగ్గర?