దారి పక్కన మన పొరుగువాడు



తన పొరుగువాడెవరో చెప్పమని ధర్మశాస్త్రోపదేశకుడొకడు అడిగినప్పుడు ప్రభువు అతనికి ఒక దారిని చూపించారు. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోయే దారి అది. సుమారు 25 కిలోమీటర్ల కొండదారి. ఆ దారిలో దెబ్బలు తిని పడియున్న మనిషిని యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు. ఇద్దరూ పక్కగా వెళ్లిపోయారు. ఆగినవాడు సమరయుడు (లూకా 10వ అధ్యాయం).

శంషాబాద్ మండలం పాల్మాకుల వంటి ఊళ్లలో ఉండే విశ్వాసులకు ఈ ఉపమానం వివరించి చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుండి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి వారి ఊరి మీదుగానే పోతుంది. ఒకప్పుడు దాని నంబరు 7, ఇప్పుడు 44. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో వాహనాల రద్దీ మరీ పెరిగింది. పొలానికైనా, కూలికైనా, ఆదివారం ఆరాధనకైనా పెద్ద రోడ్డు దాటవలసిన వారెందరో ఉన్నారు.

ప్రమాదం జరిగినచోట జనం పోగవుతారు. "అయ్యో పాపం" అంటారు. కాని చేయి వేయరు. వారి గుండె రాయి కాదు, భయం. పోలీసు స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిప్పుతారేమో, ఆసుపత్రివారు డబ్బు కట్టమంటారేమో అని భయం.

ఈ భయానికి ఇప్పుడు జవాబు ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, క్షతగాత్రులకు సహాయపడేవారిని కాపాడే మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134-ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం మంచి మనసుతో సహాయం చేసినవారిపై కేసు ఉండదు. తన పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండుమని ఒత్తిడి చేయకూడదు. ఆసుపత్రిలో వారిని ఆపి ఉంచకూడదు. ఆ చట్టం వారిని పిలిచిన పేరు "గుడ్ సమరిటన్", అంటే మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన ఉపమానంలోని మనిషి పేరు మన దేశ చట్టంలోకి ఎక్కింది!

మరి ఇకమీదట మనకు అడ్డమేమిటి? పనికి ఆలస్యమవుతుంది. బట్టలకు రక్తం అంటుతుంది. చేతి డబ్బు ఖర్చవుతుంది. సమరయుడు ఇవన్నీ ఇచ్చాడు. తన నూనె, ద్రాక్షారసము, తన వాహనము, తన సమయము, రెండు దేనారములు ఇచ్చాడు. ఆ దినాల్లో దేనారమంటే ఒక కూలివాని రోజు కూలి. పడియున్నవాడు ఏ జాతివాడని అతడు అడగలేదు. మనమూ కులం అడగకూడదు, మతం అడగకూడదు.

కనికరానికి తెలివి తోడు కావాలి. మొదట 108కు ఫోన్ చేయండి. మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన సేవ ఇది. వచ్చే వాహనాలను దూరం నుండే హెచ్చరించండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. మెడ, నడుము దెబ్బ తిన్నాయేమోనని తోస్తే ఎత్తి కూర్చోబెట్టవద్దు. మొదటి గంటలో వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ.

అయితే ఇంటి గుమ్మంలో ఆగనివాడు రోడ్డు మీద ఆగడు. ఎండన పడి వచ్చిన కూలివానికి ముంతెడు నీళ్లిచ్చే చేయి, వీధిలోని ముసలమ్మకు పింఛను కాగితం చదివిపెట్టే నోరు, దూర రాష్ట్రం నుండి పని కోసం వచ్చినవానిని "అన్నా" అని పిలిచే నాలుక, ఇవే రేపు రోడ్డు పక్కన వంగుతాయి. మన పిల్లలు ఆదివారం బడిలో విన్న వాక్యాన్ని ఆదివారం దాటాక మన చేతుల్లో చూస్తారు.

ఈ నెలలో ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన తరువాత ఈ సంగతులు ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. పిల్లలకు 108 నంబరు నేర్పండి. ప్రభువు ఆ ఉపదేశకుణ్ణి వెళ్లి అలాగే చేయమన్నారు. ఆ మాట మనకూ చెందుతుంది.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, పక్కగా వెళ్లిపోయే మా పాదములను ఆపుము. పడియున్నవానియొద్దకు మమ్మును నడిపించుము. యేసు నామమున, ఆమేన్.