పైథాన్ భాషయు మన మార్కుల పట్టికయు

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుట ఉన్నత పాఠశాలలోని బాలబాలికలకు నేర్పవలయునా, వలదా యను ప్రశ్నకు ఇప్పుడు రెండు విధములైన ప్రత్యుత్తరములు వినబడుచున్నవి. ఆజ్ఞలను యంత్రమే వ్రాసియిచ్చు కాలము వచ్చినది గనుక నేర్పుట వ్యర్థమని కొందరు తల్లిదండ్రులు తలంచుచున్నారు. మరికొందరు ఇది లేనిదే ఉద్యోగము దొరకదని భయపడి, ఆరవ తరగతి నుండియే పిల్లలచేత ప్రోగ్రాములను వల్లె వేయించుచున్నారు. ఈ రెండు పక్షములలోను మేము చేరము. మా యభిప్రాయ మేమనగా, బాలుడు తనకు నిజముగా కావలసిన యొక చిన్న పనిని యంత్రముచేత చేయించి, అది సరిగా చేసినదో లేదో తానే తేల్చుకొన గలుగవలయును. రికార్డు పుస్తకమున ఇరువది ప్రోగ్రాములను సిరాతో నింపినంత మాత్రమున ఈ శక్తి రాదు.

ఇట్టి పనికి పైథాన్ అను భాష మిక్కిలి అనుకూలమైనది. హాలెండు దేశస్థుడగు గైడో వాన్ రోసమ్ అను నతడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి యొక గణిత పరిశోధనాలయమున పనిచేయుచు, 1989 క్రిస్మసు దినములలో కాలక్షేపమునకై దీని నారంభించి 1991లో వెలువరించెను. పేరు వినగానే కొండచిలువ యని పిల్లలు నవ్వుదురు గాని, అది బి.బి.సి. వారు ప్రసారము చేసిన యొక హాస్యనాటక మాలిక పేరు నుండి తీసికొనబడినది. 2008లో వచ్చిన మూడవ పైథాన్ మొదలుకొని చలరాశులకు తెలుగులోనే పేర్లు పెట్టవచ్చును. ‘మార్కులు’ అని వ్రాసినను యంత్రము కాదనదు. ౩౫ అని తెలుగు అంకెలతో నిచ్చినను, ‘ఇంట్’ అను ఆజ్ఞ దానిని ముప్పదియైదుగనే గ్రహించును. ఈ సంగతి పిల్లలతో చెప్పి చూడుడు, వారి ముఖములు వికసించును.

మొదటి చిక్కు సంకలనమునందే తగులును. ‘ఇన్‌పుట్’ ద్వారా మనము టైపు చేసినదంతయు యంత్రమునకు అక్షరములే గాని సంఖ్యలు కావు. 35, 40 ఇచ్చి కూడుమన్నచో 75 రాక 3540 వచ్చును. ముందుగా ‘ఇంట్’తో సంఖ్యగా మార్చుకొన్నచో సరిపోవును. అయితే రోల్ నంబరును మాత్రము అట్లు మార్చరాదు. 007 కాస్త 7 అయి హాజరుపట్టీతో కలియకుండ పోవును. దేనితో లెక్క చేయుదుమో దానిని సంఖ్యగను, దేనితో మనిషిని గుర్తింతుమో దానిని అక్షరములుగను ఉంచుకొనవలయును. పంక్తికి ముందు విడుచు ఖాళీ సంగతియు నిట్టిదే. మొత్తమును అచ్చువేయు పంక్తి లూపు లోపల నున్నచో నలువదిమంది పిల్లలకు నలువది మొత్తములు అచ్చగును. దానిని ఎడమకు జరిపినచో ఒక్కటియే వచ్చును. తప్పు జరిగినప్పుడు తెరపై వచ్చు సందేశమును చూచి పిల్లలు బెదరుదురు. దానిని క్రింది నుండి పైకి చదువుట నేర్పవలయును. దోషము పేరు చివరి పంక్తిలోను, అది ఎన్నవ పంక్తిలో జరిగినదో దానికి పైనను ఉండును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన దానికి వచ్చెదము. రెండు పరీక్షలలో నూటికి 33, 36 చొప్పున పొందిన బాలిక సగటు 34.5. ఉత్తీర్ణతకు 35 కావలయును. అర మార్కు వచ్చినచో దానిని ఒకటిగా నెంచుట బడులలో చిరకాలపు వాడుక. ఆ వాడుకను బట్టి ఆమె నెగ్గినట్లే. కాని పైథాన్‌లోని ‘రౌండ్’ ఆజ్ఞను 34.5కు వాడినచో 34 అని చెప్పును. 35.5ను ఇచ్చినచో 36 అనును! ఒక బిడ్డకు క్రిందికి, మరియొక బిడ్డకు పైకి. యంత్రము పొరబడినదా యన్నచో, లేదు. అర వచ్చినప్పుడెల్ల పైకే సవరించుచు పోయిన యెడల పెద్ద పద్దుల మొత్తము నిష్కారణముగా పెరిగిపోవును గనుక, సరిగా అర వచ్చినచోట దగ్గరనున్న సరిసంఖ్యకు పోవలయునని దానికి నియమము పెట్టియున్నారు. పెద్ద లెక్కలకు ఆ నియమము న్యాయమైనదే. మన బాలికకు మాత్రము కాదు. పైగా పట్టిక చక్కగా అచ్చయి గోడకెక్కును గనుక దానిని సందేహించువారు అరుదు. దొంగత్రాసును గూర్చి సామెతల గ్రంథమున నున్న మాటలను మన పిల్లలు కంఠస్థము చేసినవారే. మార్కుల పట్టికయు నొక త్రాసేయని వారికి జ్ఞాపకము చేయవలసియున్నది.

దీనికి మందు సులభము. సగటును దశాంశములలోనికి పోనీయక, రెండు పరీక్షల మొత్తమునకు ఒకటి చేర్చి, రెండు వాలుగీతల గుర్తుతో రెంటిచే భాగింపవలయును; ఆ గుర్తు భిన్నమును విడిచి పూర్ణసంఖ్యనే యిచ్చును. 69కి ఒకటి చేర్చి భాగించినచో 35 వచ్చును. 70కిని 35 వచ్చును, 68కి 34 వచ్చును. వసతిగృహపు పద్దులకును ఇదే మార్గము. యంత్రము 0.1, 0.2 వంటి దశాంశములను ద్విసంఖ్యామానమున ఉజ్జాయింపుగనే దాచుకొనును గనుక, ఆ రెంటిని కూడి 0.3కు సమానమా యని అడిగినచో కాదనును. రూపాయలను విడిచి అంతయు పైసలలో వ్రాసికొన్నచో ఈ తగవే యుండదు.

పరీక్షకు రాని పిల్లవాని యెదుట మార్కుకు బదులు ‘గై’ అని వ్రాసియుండును. ‘ఇంట్’ అక్కడ ఆగిపోయి మొఱపెట్టును. ఆ మొఱ వినబడకుండ ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’ అను మాటలను చేర్చి, సంఖ్య కాని చోటనెల్ల సున్న వేసికొని ముందుకు సాగుట కొన్ని పాఠములలో నేర్పుచున్నారు. ఇది మాకు బొత్తిగా సమ్మతము కాదు. జ్వరముతో మంచము పట్టిన బిడ్డయు, వచ్చి ఏమియు వ్రాయని బిడ్డయు ఒక్కటి యగుదురా? అట్టి నంబర్లను వేరొక జాబితాలో చేర్చి, ఉపాధ్యాయుని కంట పడునట్లు చివర అచ్చు వేయింపవలయును.

ఫైలును తెరచునప్పుడు ఇంకొక గండము గలదు. ‘ఓపెన్’ ఆజ్ఞకు ‘డబ్ల్యూ’ అను అక్షరమును జోడించి తెరచిన క్షణముననే అందులోని పాత వ్రాత యావత్తు తుడిచిపెట్టుకొని పోవును, అడుగనైన అడుగదు. ఏడాది హాజరు ఒక్క అక్షరముతో మాయమగును. క్రొత్త పంక్తులను చివర చేర్చుటకు ‘ఏ’ అను అక్షరమును వాడవలయును. అంతకంటె ముందు నకలొకటి వేరుచోట దాచుకొనవలయును. తెలుగు పేర్లున్న ఫైలునకు యూటీఎఫ్-8 అని సంకేతపద్ధతిని స్పష్టముగా చెప్పవలయును. లేనియెడల విండోసు యంత్రములపై తరచుగా దోషము వచ్చును, లేదా పేర్లు పిచ్చిగీతలగును.

తెలుగు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ‘స్త్రీ’ అనునది మనకు ఒక్క అక్షరము. ‘లెన్’ ఆజ్ఞ నడుగుడు, ఆరు అని చెప్పును. హల్లులు మూడు, వాటి నడుమ పొల్లులు రెండు, గుడిదీర్ఘము ఒకటి. అది తెలియక పదమును తలక్రిందులు చేయించినచో గుణింతములు చెల్లాచెదరగును. పేర్లను అకారాదిగా పేర్చుమన్నచో ‘కళ’ ముందును ‘కవిత’ వెనుకను వచ్చును. ఏలయనగా యూనికోడ్ వరుసలో ళ అనునది ల ప్రక్కనే కూర్చున్నది, మనము పలకపై దిద్దిన వర్ణమాలలో హ తరువాతనున్నది. మన వరుసను ఒక పట్టికగా వ్రాసియిచ్చి, దానిని బట్టి పేర్చుమన్నచో అది వినును. తెలుగు ఉపాధ్యాయుడును గణితోపాధ్యాయుడును ఒక్క బల్లయొద్ద కూర్చుండి చేయదగిన పని యిది.

ఇదంతయు కృత్రిమ మేధ నడిగినచో క్షణములో వ్రాసియిచ్చును గదా యని యడుగువారున్నారు. వ్రాయును; పెక్కుసారులు బాగుగనే వ్రాయును. కాని అర మార్కు పైకి పోవలయునని దానితో చెప్పువా రెవరు? ముందుగా కాగితముపై లెక్క చేసి చూచిన పిల్లవాడే చెప్పగలడు. కనుక ఏ స్క్రిప్టునైనను నమ్మకముందు, సున్న, నూరు, 34.5, గైరుహాజరు అను నాలుగు వరుసలను చేతితో లెక్కించి ప్రక్కన పెట్టుకొని, యంత్రము నడిగి, పోల్చి చూడవలయును. ఈ పని స్క్రిప్టు వ్రాసినది పిల్లవాడైనను యంత్రమైనను తప్పదు.

ఇట్టి అభ్యాసమునకు కల్పించిన లెక్కలు రుచింపవు. కావున తల్లిదండ్రులకు మా విన్నపము: అంగడి చిట్టాయో, పాలవాడుక లెక్కయో, పంట కూలీల పట్టీయో ఒక పాత కాగితమును, అందలి మనుష్యుల పేర్లు కొట్టివేసి, పిల్లలచేత పంపుడు. చేతివ్రాతయే చాలును; టైపు చేయ నక్కరలేదు.