వేషాలు వెయ్యనివ్వండి

పిల్లలు మారాం చేస్తే "నాటకాలాడకు" అంటాం. గారాలు పోతే "వేషాలెయ్యకు" అంటాం. కాస్త ఎగిరితే "ఏంటా తైతక్కలు?" మీ ఇంట్లోనూ అంతేగా! రంగస్థలం మాటలన్నీ మన ఇళ్ళల్లో తిట్లయిపోయాయి. అవి ఎక్కువగా పడేది కూడా ఆడపిల్లలకే.

మొన్న మా అమ్మాయి, ఇంటర్‌లో చేరబోతోంది, డాన్సు మాననంది. ఈసారి భామాకలాపంలో భామ వేస్తానంది. "చాల్లే వేషాలు, ముందు చదువు చూడు" అనేశాను. "నేనడిగేది వేషమేగా అమ్మా" అంది. నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదో తరగతితో నా గజ్జెలు విప్పించినప్పుడు మా అమ్మ అన్నదీ ఇదే మాట.

కూచిపూడి మా విజయవాడకి రెండు గంటల దూరం కూడా లేదు. అక్కడ పుట్టిన భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటారు. భామ మొహం కనపడకముందే ఆమె జడ తెర మీంచి ఇవతలకి పడుతుంది. నాట్యంలో నన్ను గెలిచేవాళ్ళుంటే రండి అని సవాలట అది. ఆ తర్వాతే ప్రవేశ దరువు.

అంత ఠీవైన జడని తరాల తరబడి వేసుకున్నది మగవాళ్ళే. కూచిపూడి మేళాల్లో ఆడవాళ్ళకి చోటు లేదు. భామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకాల్లో సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావుగారికి 1956లోనే వచ్చింది. వాళ్ళు మహానుభావులే, కాదనను. కానీ మగవాళ్ళు కడితే కళ అయిన వేషం, ఆడపిల్ల కడతానంటే తిట్టెందుకయింది?

ఇప్పుడు ఆ పాత అడ్డు లేదు. వెంపటి చినసత్యంగారి లాంటి గురువులు ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. ఇవాళ కూచిపూడి వేదికల నిండా అమ్మాయిలే. ఇంక అడ్డు పడుతున్నది ఎవరయ్యా అంటే, మనమే.

చదువు ముఖ్యం కాదని నేననను. ఫీజులు కట్టేది మేమేగా! కానీ "ఇంటరయ్యాక చూద్దాంలే" అని మాన్పించాక మళ్ళీ గజ్జె కట్టినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. నేను కట్టలేదు. వారానికి రెండు సాయంత్రాలు డాన్సుకి పంపితే మునిగిపోయేదేం లేదని మావారితో వాదించి ఒప్పించాను. ఇంకా గొణుగుతూనే ఉన్నారనుకోండి.

మీ ఇంట్లో గజ్జెలు ఏ అటక మీదున్నాయో ఓసారి చూడండి.