నల్లమల జీపుబాటకు తారు వద్దు

పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి అహోబిలం వెళ్లే భక్తుల్లో చాలామందికి పావన నరసింహస్వామి కోవెల దారి తెలుసు. కొండల మధ్య రాళ్లు, గుంతలు దాటుతూ జీపులు మాత్రమే పోగల అడవిబాట అది. దానికి తారు వేస్తే బాగుండుననిపించడం సహజమే. కానీ వేయకూడదు. నల్లమల పెద్దపులి తిరిగే అడవి. గతుకుల బాటలో జీపు నెమ్మదిగానే పోతుంది, జంతువు తప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది. తారు పడితే వేగం పెరుగుతుంది, వేగం వెంట ప్రమాదాలు వస్తాయి. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో హైవేపై రాత్రి రాకపోకలను 2009లో నిషేధించాల్సి వచ్చింది. దోర్నాల–శ్రీశైలం దారినీ రాత్రిపూట మూసేస్తున్నారు. ముందు రోడ్డు వేసి, తర్వాత గేటు పెట్టడం కన్నా ఉన్న బాటను కాపాడుకోవడమే మేలు.

మరి వృద్ధుల మాటేమిటి, జీపు బోల్తా పడితే ఎవరు దిక్కు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తారు కాదు, క్రమశిక్షణ. సీట్లకు మించి ఎక్కించకూడదు, బ్రేకులు తరచూ తనిఖీ చేయాలి, పగటిపూటే నడపాలి, ప్రమాదకరమైన మలుపుల్లో రాతికట్టు వేయాలి. ఎగువ అహోబిలం పైనున్న ఉగ్రస్తంభం కొండకు నేటికీ కాలినడకనే ఎక్కుతున్నారు. అందువల్ల ఎవరి భక్తీ తగ్గలేదు. అటవీ, దేవాదాయ శాఖలు కలిసి ఈ నియమాలను వెంటనే అమలు చేయాలి.