బోర్డు కనపడకపోతేనే ఆట వినపడుతుంది

బోర్డ్ గేమ్స్ మీద పాడ్‌కాస్ట్‌లు ఉన్నాయని, వాటిని వారం వారం వదలకుండా వినేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారని చెబితే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. చూసి ఆడాల్సినదాన్ని వినడమేమిటి? బోర్డు కనపడదు, కాయలు కనపడవు, ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియదు. గంటసేపు చెవిన పెట్టుకుంటే ఒరిగేదేమిటి? అడగదగ్గ ప్రశ్నే. అయితే బోర్డు కనపడకపోవడమే ఈ పాడ్‌కాస్ట్‌ల బలమని నా నమ్మకం. ఆట గురించి ఈ కాలంలో సాగుతున్న మంచి విమర్శ చాలావరకు అందులోంచే పుట్టింది.

ఈ కార్యక్రమాలు నిన్న మొన్న వచ్చినవి కావు. పాడ్‌కాస్ట్ అనే పేరు 2004లో పుట్టింది. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో వాటికి చోటిచ్చింది. ఆ ఏడాదే మార్క్ జాన్సన్ అమెరికాలో ‘బోర్డ్ గేమ్స్ టు గో’ మొదలుపెట్టాడు. అప్పట్లో దక్షిణ కొరియాలో ఉంటున్న టామ్ వాసెల్ అనే అమెరికన్ ‘ది డైస్ టవర్’ మొదలుపెట్టాడు. అది తర్వాత పెద్దదై వీడియోల్లోకి విస్తరించింది గానీ, తొలినాళ్ల పెట్టుబడి ఒక మైకు, ఇద్దరు మనుషుల కబుర్లు, అంతే. ఆట పెట్టె కొనడం కన్నా దాన్ని ఆడటానికి నలుగురిని కూడగట్టడం కష్టమని ఈ అభిరుచి ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ నలుగురూ కుదరని వారాల్లో బస్సులోనో, వంట చేసుకుంటూనో వినడానికి ఈ గొంతులు తోడయ్యాయి. వాళ్లు మాట్లాడుకునే ఆట నువ్వు ఆడి ఉండకపోవచ్చు. కానీ ఫలానా చోట ఒకడు ఎందుకు తొందరపడ్డాడో, ఇంకొకడు చేతిలో ముక్క ఉంచుకుని ఎందుకు ఆగాడో చెబుతుంటే ఆ బల్ల దగ్గర నువ్వూ కూర్చున్నట్టే ఉంటుంది. రేడియోలో క్రికెట్ వింటూ పెరిగిన తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కంటికి రోజులొచ్చాయి. 2009లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు రావడంతో, ఆట తయారు కాకముందే దాని బొమ్మలు చూపించి జనం దగ్గర డబ్బు సమకూర్చుకునే పద్ధతి ఊపందుకుంది. 2017 జనవరిలో ముగిసిన ‘కింగ్‌డమ్ డెత్: మాన్‌స్టర్’ ప్రచారం ఒక్కదానికే 1.2 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. చెక్కినట్టుండే ప్లాస్టిక్ బొమ్మలు, బరువైన పెట్టె, మెరిసే అట్ట కెమెరాకు బాగా నప్పుతాయి. పెట్టె తెరిచి ఒక్కో వస్తువూ పైకి తీసి చూపించడమే ఒక కార్యక్రమమైపోయింది. అందాన్ని నేను తప్పు పట్టను. చేతికి నిండుగా తగిలే కాయ కూడా ఆటలో ఆనందమే. కానీ మూడోసారి ఆడటానికి కూర్చున్నప్పుడు మనల్ని కూర్చోబెట్టేది ఆ బొమ్మ కాదు. అదేమిటో చెప్పాలంటే మాటలు కావాలి. చూపించడానికి ఏమీ లేని మనిషే ఆ మాటలు వెతుక్కుంటాడు.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. గణితంలో డాక్టరేట్ చేసిన జర్మన్ రూపకర్త రైనర్ క్నీట్సియా 1992లో తెచ్చిన ‘మోడర్న్ ఆర్ట్’. ఆడేవాళ్లంతా చిత్రాల వ్యాపారులు. ఐదుగురు చిత్రకారుల బొమ్మలు ముక్కల మీద ఉంటాయి. మీ వంతు వచ్చినప్పుడు ఒక ముక్క బయటపెట్టి వేలం వేస్తారు, మిగతావాళ్లు పాట పాడతారు. ఒకే చిత్రకారుడి ఐదో బొమ్మ బల్ల మీదికి రాగానే ఆ విడత అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ విడతలో ఎవరి బొమ్మలు ఎక్కువ వచ్చాయో ఆ చిత్రకారుడి ఒక్కో బొమ్మకు 30 వేలు, రెండోవాడికి 20, మూడోవాడికి 10. మిగిలిన ఇద్దరి బొమ్మలకు ఆ విడతలో చిల్లిగవ్వ రాదు. అంటే బొమ్మ విలువను నిర్ణయించేది బొమ్మ కాదు, ఆ చిత్రకారుడి బొమ్మలు ఎన్ని బజారుకెక్కాయన్నదే.

ఇక మెలిక వినండి. 30 వేలు పలుకుతుందని గట్టిగా తెలిసిన బొమ్మను మీరు 25 వేలకు పాడారనుకోండి. ఐదు వేలు లాభమని సంబరపడతారు. కానీ మీరిచ్చిన 25 వేలూ దాన్ని అమ్మిన ఎదుటి ఆటగాడి జేబులోకి వెళ్లాయి. మీరు ఐదు సంపాదించి అతనికి పాతిక సంపాదించిపెట్టారు. లాభమొచ్చిన ప్రతి బేరమూ మంచి బేరం కాదన్న ఈ సంగతి మొదటి ఆటలో తట్టదు, తట్టాక ఆట రంగే మారిపోతుంది. అప్పటినుంచి ‘అబ్బే, ఆ బొమ్మ దండగ’ అని పైకి తీసిపారేస్తూనే మనసులో లెక్క కట్టుకుంటారు. డబ్బంతా తెర చాటున ఉంటుంది కాబట్టి ఎవరి దగ్గర ఎంతుందో మాట తీరును బట్టే పసిగట్టాలి. ఈ ఆటను వీడియోలో చూపిస్తే మన కళ్లు ముక్కల మీది బొమ్మల దగ్గరే ఆగిపోతాయి. ఎడిషన్ మారితే బొమ్మలూ మారతాయి. మారనిది ఆ పాతిక, ఐదు లెక్క. మాటతో చెప్పేవాడు నేరుగా అక్కడికే వస్తాడు.

ఈ దారిని పద్ధతిగా పట్టుకున్నది ‘లూడాలజీ’ అనే పాడ్‌కాస్ట్. 2011లో ర్యాన్ స్టర్మ్, జెఫ్ ఎంగెల్‌స్టైన్ కలిసి మొదలుపెట్టారు. స్టర్మ్ అంతకుముందే ‘హౌ టు ప్లే’ పేరుతో, బోర్డు చూపకుండా ఒట్టి మాటతోనే ఆటల నియమాలు నేర్పినవాడు. ఎంగెల్‌స్టైన్ ‘డైస్ టవర్’లో ‘గేమ్‌టెక్’ అనే చిన్న భాగం నడుపుతూ పాచికల గణితం, మనిషి మనస్తత్వం వంటి విషయాలు చెప్పేవాడు. ‘ఈ ఆట కొనాలా వద్దా’ అన్నది పక్కనపెట్టి, ‘ఆట ఎందుకు ఇలా పనిచేస్తుంది’ అని అడిగారు వీళ్లు. వేలం, బేరం, పాచిక, పొత్తు, ద్రోహం ఇలాంటివాటిలో ఒక్కోదాన్ని తీసుకుని లోతుకు వెళ్లారు. తర్వాత హోస్టులు మారినా ప్రశ్న మారలేదు.

ఎంగెల్‌స్టైన్ తన మాటల్లోనూ, 2020లో ఎంఐటీ ప్రెస్ వేసిన పుస్తకంలోనూ పట్టుకున్న ఒక విషయం చెబుతాను. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద పోతే కలిగే బాధ ఎక్కువని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో సిద్ధాంతీకరించారు. ఆటలు అల్లేవాళ్లు ఈ బాధతోనే పనిచేస్తారు. ఉన్నది లాక్కునే ఆట ఒకలా నొప్పిస్తుంది, రాబోయేదాన్ని ఆపే ఆట ఇంకోలా నొప్పిస్తుంది. లెక్కలో రెండూ ఒకటే కావచ్చు, బల్ల దగ్గర ఒకటి కావు.

ఇది విన్నాక మన అష్టాచెమ్మాను తలుచుకుంటే అందులో ఎంత తెలివి ఉందో తెలుస్తుంది. నాలుగు గవ్వలు, లేదా ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు. నాలుగూ ఒకలా పడితే చెమ్మా, నాలుగూ దానికి తిరగబడి పడితే అష్ట. రెంటికీ ఇంకో పందెం. పిక్కల రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే పదహారు తీర్లలో ఈ రెండే, అంటే ఎనిమిదింట ఒకసారి. కానీ గవ్వ నాణెం లాంటిది కాదు, దాని వీపూ పొట్టా సమానంగా పడవు. అందుకే ఏ ఇంటి గవ్వలతో ఆడితే ఆ ఇంటి అదృష్టం. ఇక చాలా ఇళ్లలో ఉండే నియమం: ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరసలోకి వెళ్లడానికి లేదు. ఈ ఒక్క నియమం లేకపోతే ఇంటూ గుర్తు వేసిన గడుల మీద దాక్కుంటూ, ఎవరినీ తాకకుండా ఎవరి కాయ వాళ్లు పండించుకునిపోవచ్చు. ఆ నియమం ఉండబట్టే మంచివాడు కూడా దెబ్బ కొట్టక తప్పదు. పండబోయే కాయ చచ్చి మొదటికొస్తే పిల్లలు ఎందుకు ఏడుస్తారో, పెద్దవాళ్లు ఎందుకు మూతి ముడుచుకుంటారో కానెమన్, ట్వెర్స్కీల సిద్ధాంతం చెబుతుంది. ‘దాన్ని కదపకు, వెనకవాడికి మూడు పడితే పోతావ్’ అని పక్కనుంచి సలహా చెప్పే అత్తయ్య కూడా ఆటలో భాగమే. ఆ సలహా నిజమా, ఎత్తుగడా అన్నది తేల్చుకోవడం ఇంకో ఆట.

మాటే ఆటగా నడిచే చోట ఆడియో ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పడానికి మరో రెండు ఉదాహరణలున్నాయి. అలన్ కాలమర్ 1959లో అచ్చువేసిన ‘డిప్లొమసీ’లో పాచికలుండవు. ఏడుగురు ఆటగాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఐరోపా రాజ్యాలు. ముందు చాటుమాటుగా మాట్లాడుకుంటారు, తర్వాత ఎవరి ఆజ్ఞలు వాళ్లు రహస్యంగా రాసి ఒక్కసారిగా బయటపెడతారు. ఇచ్చిన మాటకు కట్టుబడాలన్న నియమం లేదు. 2014లో అమెరికన్ రేడియో కార్యక్రమం ‘దిస్ అమెరికన్ లైఫ్’ ఈ ఆట పోటీల మీద కథనం ప్రసారం చేసింది. ఆటగాడిగా దిగిన విలేకరికి సలహాదారు, పశ్చిమాసియా చర్చల్లో అమెరికా తరఫున పనిచేసిన డెనిస్ రాస్. ఆట రాని శ్రోతకూ అది అర్థమైందంటే, మాట తప్పడం ఎక్కడైనా మాట తప్పడమే కాబట్టి. అదే ఏడాది మెకెల్‌రాయ్ కుటుంబం, అంటే ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల నాన్న కలిసి, ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతూ ‘ది అడ్వెంచర్ జోన్’ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. కథ చెప్పేవాడి నోరు, వినేవాళ్ల ఊహ, పడే పాచిక, ఇంతే సరంజామా. ఆ కథ 2018లో బొమ్మల పుస్తకంగా కూడా వచ్చింది. ముందు చెవిని గెలిచాకే అది కంటి దగ్గరికి వెళ్లింది.

అన్ని పాడ్‌కాస్ట్‌లూ ఈ బలాన్ని వాడుకుంటున్నాయని అనను. కొత్తగా వచ్చిన పెట్టెల జాబితా, పది ఉత్తమ ఆటల వరస, మధ్యలో ఎవరేం తిన్నారన్న కబుర్లు, వీటితో గంటలు గడిపేసేవి చాలానే ఉన్నాయి. ఒక్కసారి ఆడి తీర్పు చెప్పేయడం ఇంకో జబ్బు. వారం వారం ఏదో ఒక కొత్తదాని గురించి మాట్లాడాల్సి వచ్చినవాడు పాతదాన్ని పదోసారి ఆడలేడు. పదోసారి ఆడనివాడికి ‘మోడర్న్ ఆర్ట్’లో ఆ పాతిక, ఐదు లెక్క తెలియదు. ప్రచురణకర్తలు ఉచితంగా పంపిన పెట్టె గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. మంచివాళ్లు చెబుతారు. శ్రోతలుగా మనం చేయాల్సింది కూడా ఉంది. కొత్త ఆట గురించి పరుగెత్తి చెప్పేవాడి కన్నా పాత ఆట గురించి నిదానంగా చెప్పేవాడికి మన గంట ఇవ్వాలి.

తెలుగులో ఇలాంటి కార్యక్రమాలు బాగా రావాలని నా కోరిక. మన పచ్చీసు లూడోగా, వైకుంఠపాళి స్నేక్స్ అండ్ ల్యాడర్స్‌గా లోకమంతా తిరిగాయి. అవి మనవేనని గర్వంగా చెప్పుకుంటాం, అక్కడితో మన మాట అయిపోతుంది. పులిజూదంలో మూడు పులులకు ఎదురు మేకలవాడు మొదటి నాలుగు మేకలను ఎక్కడ దించాలి, ఎప్పుడు ఒక మేకను చేజేతులా వదులుకోవాలి అన్నదాని మీద మనం ఎన్నడైనా అరగంట మాట్లాడుకున్నామా? వామనగుంటల్లో ఏ గుంట నుంచి పంచితే ఏ గుంట ఖాళీ అవుతుందో ముందుగానే లెక్కగట్టే అమ్మమ్మలు ఆ లెక్క ఎలా కడతారో అడిగామా? దీనికి కెమెరా అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు. ఫోను, ఇద్దరు మనుషులు, చాలాసార్లు ఆడిన ఒక ఆట ఉంటే చాలు. హైదరాబాదులో వారాంతాల్లో ‘కటాన్’ ఆడే కుర్రాళ్లకూ, అమెరికాలో పిల్లలకు అష్టాచెమ్మా నేర్పే తెలుగు తల్లులకూ ఇందులో సమానంగా చోటుంది.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే. వారానికి ఒక్క ఆట తీసుకోండి. దాని చరిత్ర రెండు నిమిషాల్లో ముగించండి. మిగతా సమయమంతా ఒక్క ఎత్తు గురించి మాట్లాడండి: అక్కడ ఆ కాయ ఎందుకు కదిపావు, కదపకపోతే ఏమయ్యేది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగినవాడు ఏ భాషలో మాట్లాడినా విమర్శకుడే, వాడి మాట వినడానికి జనం వస్తారు.